బడ్జెట్ లోటు లెక్క మీరే కట్టుకోండి: పన్ను పెంచాలా, ఖర్చు తగ్గించాలా అని వాదించే ముందు

బడ్జెట్ పెట్టిన రోజు సాయంత్రం టీవీ చర్చల్లో రెండే మాటలు వినిపిస్తాయి. ఉచితాలు ఆపితే లోటు దానంతటదే పోతుందని ఒకరు, ఉన్నవాళ్ల మీద పన్ను వేస్తే చాలని ఇంకొకరు. ఎంత, ఏ పద్దు నుంచి, ఎన్నేళ్ల పాటు అన్నది మాత్రం ఇద్దరూ చెప్పరు. ఆ లెక్క కట్టడానికి అర్థశాస్త్రంలో పట్టా అక్కర్లేదు. కాగితం, క్యాలిక్యులేటర్, రెండు గంటల తీరిక ఉంటే చాలు. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాలను, అదే ఏడాది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడ్జెట్లను ముందు పెట్టుకుని ఆ పద్ధతి ఇక్కడ చెబుతున్నాం. వేరే ఏడాదికి అంకెలు మార్చుకుంటే సరిపోతుంది.

ఏ కాగితం తెరవాలి

ఆర్థిక మంత్రి ప్రసంగంతో మొదలుపెట్టకండి. అందులో పథకాల పేర్లు ఉంటాయి, లోటు ఒక్క వాక్యంలో పోతుంది. కేంద్రానికి 'బడ్జెట్ ఎట్ ఎ గ్లాన్స్' అనే చిన్న పత్రం ఉంది. మొదటి రెండు మూడు పట్టికల్లోనే మనకు కావలసినవన్నీ ఉంటాయి. రాష్ట్రాలకైతే ఆర్థిక శాఖ వెబ్‌సైటులో దొరికే 'బడ్జెట్ ఇన్ బ్రీఫ్', దానితోపాటు ఎఫ్ఆర్‌బీఎం చట్టం (ప్రభుత్వ లోటుకూ అప్పుకూ హద్దు పెట్టే చట్టం) కింద సభ ముందు పెట్టే ద్రవ్య విధాన ప్రకటన తీసుకోండి. ఈ రెండోదాన్ని చాలామంది తెరవరు. అప్పుల అసలు కథ, ప్రభుత్వం పూచీ పడ్డ రుణాల వివరం దాంట్లోనే ఉంటాయి.

పట్టిక తెరవగానే నెత్తిన ఏ యూనిట్ రాశారో చూడండి. సంక్షిప్త పత్రాలు కోట్లలో ఉంటాయి, వివరమైన పద్దుల పుస్తకాలు లక్షల్లోనో వేలల్లోనో ఉంటాయి. రెండూ కలిపి కూడితే లెక్క వంద రెట్లో, పదివేల రెట్లో తప్పుతుంది. ఇక నిలువు వరసలు. సాధారణంగా నాలుగు ఉంటాయి: రెండేళ్ల కిందటి వాస్తవ లెక్కలు, నిరుటి బడ్జెట్ అంచనా, దానికి సవరించిన అంచనా, రాబోయే ఏడాది అంచనా. ఎడమ చివరన ఉన్నది జరిగిపోయిన నిజం. కుడి చివరన ఉన్నది ఆశ.

ఎనిమిది అంకెలు ఎక్కించుకోండి

2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాలు ఇవి, కోట్ల రూపాయల్లో:

రెవెన్యూ రాబడి: 34,20,409
ఇచ్చిన అప్పుల వసూలు: 29,000
వాటాల అమ్మకం వంటి ఇతర మూలధన రాబడి: 47,000
రెవెన్యూ వ్యయం: 39,44,255
మూలధన వ్యయం (ఆస్తులకు, ఇచ్చే రుణాలకు పెట్టేది): 11,21,090
వడ్డీ చెల్లింపులు (రెవెన్యూ వ్యయంలో భాగమే): 12,76,338
ఆస్తుల నిర్మాణానికి ఇచ్చే గ్రాంట్లు (ఇవీ అందులోనివే): 4,27,192
ఆ ఏడాది జీడీపీ అంచనా: 3,56,97,923

ఇక తీసివేతలు. రెవెన్యూ వ్యయంలోంచి రెవెన్యూ రాబడి తీసేస్తే 5,23,846 కోట్లు. ఇది రెవెన్యూ లోటు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీల వంటి రోజువారీ ఖర్చుకు కూడా రాబడి చాలక అప్పు చేస్తున్న సొమ్ము అన్నమాట.

మొత్తం వ్యయం 50,65,345 కోట్లు. అప్పు కాని రాబడి మొత్తం, అంటే పై మూడు అంకెల కూడిక, 34,96,409 కోట్లు. తేడా 15,68,936 కోట్లు. ఇది ద్రవ్యలోటు, ఆ ఏడాది కొత్తగా చేయాల్సిన నికర అప్పు. జీడీపీతో భాగిస్తే 4.4 శాతం.

ద్రవ్యలోటులోంచి వడ్డీ తీసేస్తే 2,92,598 కోట్లు మిగులుతుంది. ఇది ప్రాథమిక లోటు, జీడీపీలో 0.8 శాతం. కొత్త అప్పులో ఎంత భాగం పాత అప్పుల వడ్డీకే పోతోందో చెప్పేది ఇదే. ఇక్కడ కాస్త ఆగి చూడండి. కొత్తగా తెచ్చే ప్రతి 100 రూపాయల అప్పులో 81 రూపాయలు పాత అప్పు వడ్డీకి సమానం. పన్నుల వాదనలోనూ పొదుపు వాదనలోనూ ఈ అంకె వినిపించదు. కానీ ఈ ఏడాది ప్రభుత్వం చేతిలో ఉన్న లోటు నిజానికి ఈ 2.93 లక్షల కోట్లే. మిగతాది గత ప్రభుత్వాలన్నీ కలిసి రాసిపెట్టిన పద్దు.

నాలుగోది, ఆస్తుల గ్రాంట్లను రెవెన్యూ లోటులోంచి తీసేస్తే వచ్చే 96,654 కోట్లు. కేంద్రం దీన్ని 'ఎఫెక్టివ్ రెవెన్యూ డెఫిసిట్' అంటుంది. ఉపాధి హామీ పనులకో గ్రామీణ ఇళ్లకో ఇచ్చిన గ్రాంటుతో ఆస్తి ఏర్పడుతుంది కాబట్టి దాన్ని రోజువారీ ఖర్చుగా చూడకూడదన్నది వాదన. వాదనలో పస ఉంది. కానీ ఆ గ్రాంటుతో నిజంగా ఎంత ఆస్తి మిగిలిందో ఈ పట్టిక చెప్పదు. అందుకని దీన్ని పక్కన రాసుకోండి, ముందు నిలబెట్టకండి.

రాష్ట్రాల లెక్కలో మెలికలు

పత్రికల్లో పతాక శీర్షికకెక్కే అంకెతో ముందు జాగ్రత్త పడాలి. 2025-26కు ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3,22,359 కోట్లు అన్నారు. అందులో రెవెన్యూ వ్యయం 2,51,162 కోట్లు, మూలధన వ్యయం 40,635 కోట్లు. రెండూ కలిపితే 2,91,797 కోట్లే. మిగిలిన 30,562 కోట్లు పాత అప్పుల అసలు తీర్చడానికి, సంస్థలకు అప్పులివ్వడానికి. అసలు తీర్చడం కొత్త ఖర్చు కాదు, లోటు లెక్కలోకి రాదు. కాబట్టి 'ఇంత పెద్ద బడ్జెట్‌లో ఇంతే ఖర్చా' అని శాతాలు తీసేవాళ్లు భాగహారంలో కింది అంకెనే తప్పు పెట్టుకుంటున్నారు.

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ లోటు 33,185 కోట్లు, ద్రవ్యలోటు 79,926 కోట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి: 41.5 శాతం. అప్పు తెచ్చే ప్రతి 100లో 41 రూపాయల 50 పైసలు రోజువారీ ఖర్చుకే పోతాయి. మిగిలిన 58 రూపాయల 50 పైసలే కాలువకో రోడ్డుకో భవనానికో, సంస్థలకిచ్చే అప్పులకో చేరతాయి. ఒక ప్రభుత్వం అప్పు మంచిదా చెడ్డదా తేల్చడానికి మొత్తం అప్పు కంటే ఈ నిష్పత్తి ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం.

అదే ఏడాది తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు. రెవెన్యూ వ్యయం 2,26,982, రెవెన్యూ మిగులు 2,738, మూలధన వ్యయం 36,504, ద్రవ్యలోటు 54,009 కోట్లు. కాగితం మీద చూస్తే అప్పంతా ఆస్తులకే. కానీ లోటుకు మిగులు కలిపితే 56,747 కోట్లు. అందులో మూలధన వ్యయం 36,504 పోగా 20 వేల కోట్లకు పైగా మిగులుతుంది. అది 'రుణాలు, అడ్వాన్సులు' పద్దు, ఎక్కువగా ప్రభుత్వ సంస్థలకు ఇచ్చేది. ఆ సంస్థ తిరిగి కడితే అది అప్పే. కట్టలేకపోతే అది పేరు మార్చుకున్న ఖర్చు. కాబట్టి రెవెన్యూ మిగులు అని కనబడిన ప్రతిచోటా ఈ పద్దు విప్పి చూడాలి. కేంద్రం పట్టికలో ఈ రుణాలు మూలధన వ్యయంలోనే కలిసి ఉంటాయి. రాష్ట్రాలకు 50 ఏళ్ల గడువుతో వడ్డీ లేకుండా ఇచ్చే 1.5 లక్షల కోట్లు కూడా ఆ 11.21 లక్షల కోట్లలోవే. కేంద్రం, రాష్ట్రం మూలధన వ్యయాలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ తేడా మరిచిపోతే పోలిక చెడుతుంది.

అంచనా నిలుస్తుందా

రాబడి అంచనా పెంచి రాసుకుంటే లోటు కాగితం మీదే తగ్గిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి రెండు పరీక్షలున్నాయి.

మొదటిది, పన్ను రాబడి ఎంత శాతం పెరుగుతుందన్నారో చూసి, ధరలతో కలిపిన జీడీపీ పెరుగుదలతో భాగించండి. 2025-26లో స్థూల పన్ను రాబడి 38.53 లక్షల కోట్ల నుంచి 42.70 లక్షల కోట్లకు, అంటే 10.8 శాతం పెరుగుతుందన్నారు. జీడీపీ పెరుగుదల అంచనా 10.1. భాగిస్తే 1.07. ఒకటికి కొంచెం అటూ ఇటూ ఉంటే నమ్మవచ్చు. ఒకటిన్నర దాటితే కొత్త పన్ను ఏదో ఉండాలి, లేదా అంచనా ఉబ్బి ఉండాలి. అయితే మొత్తం బాగున్నా లోపల ఒక పన్ను తేడాగా ఉండవచ్చు. అదే బడ్జెట్‌లో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేకుండా చేసి, దాదాపు లక్ష కోట్లు వదులుకుంటున్నామని చెబుతూనే, ఆదాయపు పన్ను 12.57 నుంచి 14.38 లక్షల కోట్లకు పెరుగుతుందని రాశారు. అది 14 శాతానికి పైనే. ఏడాది తిరిగేసరికి సవరించిన అంచనాల్లో కేంద్రం నికర పన్ను రాబడి, అంటే రాష్ట్రాల వాటా పోను మిగిలేది, 28.37 నుంచి 26.7 లక్షల కోట్లకు దిగింది. అయినా ద్రవ్యలోటు 4.4 శాతం దగ్గరే నిలిచింది. ఎలా? మొత్తం వ్యయం 50.65 నుంచి 49.6 లక్షల కోట్లకు తగ్గించారు. పన్నులు పడిపోయిన దాంట్లో చాలా భాగాన్ని ఖర్చు కోతతో పూడ్చారన్నమాట, ఎక్కడా చర్చ లేకుండానే. పన్నా పొదుపా అన్న నిర్ణయం చాలాసార్లు ఇలా డిసెంబరు, జనవరి నెలల్లో కార్యాలయాల్లో జరిగిపోతుంది.

రాష్ట్రాలకు రెండో పరీక్ష ముఖ్యం. 'కేంద్రం నుంచి గ్రాంట్లు' అన్న వరస తీసుకుని, బడ్జెట్ అంచనాను అదే ఏడాది వాస్తవ లెక్కతో పోల్చండి. మూడేళ్లు వరసగా చేస్తే అలవాటు బయటపడుతుంది. రావని తెలిసిన గ్రాంట్లు రాసుకోవడం, భూముల అమ్మకం మీద ఆశ పెట్టుకోవడం రెండూ లోటును కాగితం మీద తగ్గించే పాత దారులే. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100.75 కోట్లు పలికింది. కానీ అమ్మిన ఎకరాన్ని మళ్లీ అమ్మలేం. ఔటర్ రింగ్ రోడ్డును 30 ఏళ్లకు లీజుకిచ్చి తెచ్చుకున్న 7,380 కోట్లూ అంతే. ఇలాంటి ఒక్కసారి రాబడిని తీసేసి రెవెన్యూ లోటు మళ్లీ కట్టండి. అదే అసలు లోటు.

కనబడని అప్పు

మన దేశంలో ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో నడుస్తాయి. డబ్బు చేతులు మారినప్పుడే ఖర్చు. పని పూర్తయి బిల్లు పెట్టి రెండేళ్లయినా చెల్లించకపోతే అది లోటులో కనబడదు. కాంట్రాక్టర్ల పెండింగ్ బిల్లులు, ఉద్యోగుల డీఏ బకాయిలు, ఆరోగ్యశ్రీ కింద ఆస్పత్రులకు ఇవ్వాల్సింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద కాలేజీలకు ఇవ్వాల్సింది, డిస్కంలకు (విద్యుత్ పంపిణీ సంస్థలకు) కట్టాల్సిన సబ్సిడీ, ఇవన్నీ అప్పులే. వడ్డీ మాత్రం ప్రభుత్వం కాకుండా అవతలివాడు కడతాడు. చిన్న కాంట్రాక్టరు బయట వడ్డీకి తెచ్చి కూలీలకు ఇస్తాడు, ఆ భారం తర్వాతి టెండరులో రేటుగా తిరిగొస్తుంది. లోటు తగ్గించామని చెప్పుకునే మార్గాల్లో అన్నిటికంటే అన్యాయమైనది ఇదే. దీనికి తిరగేసి ఇంకో పద్ధతి ఉంది: డబ్బును పీడీ ఖాతాలోకి (ఒక అధికారి పేరిట ఖజానాలోనే ఉండే పర్సనల్ డిపాజిట్ ఖాతా) మార్చి ఖర్చయినట్టు చూపడం. అక్కడ పని జరగకపోయినా పద్దు నిండుతుంది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికల్లో పీడీ ఖాతాల అధ్యాయం ఇందుకే చదవాలి.

ఇక కార్పొరేషన్ల పేరిట అప్పులు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో అసెంబ్లీలో పెట్టిన శ్వేతపత్రం ఈ లెక్క ఎలా విప్పాలో చూపిస్తుంది. ఎఫ్ఆర్‌బీఎం పరిధిలోని అప్పు 3,89,673 కోట్లు. ప్రభుత్వం పూచీ ఇచ్చి తానే తీరుస్తున్నది 1,27,208 కోట్లు. పూచీ ఉండి సంస్థలే తీర్చాల్సింది 95,462 కోట్లు. పూచీ లేకుండా సంస్థలు తెచ్చినది 59,414 కోట్లు. మొత్తం 6,71,757 కోట్లు. ఆ అంకె మీద అప్పుడే రాజకీయ వివాదం రేగింది, అంతకుముందు పాలించిన పక్షం దాన్ని ఒప్పుకోలేదు. మీకు కావలసింది ఆ విభజన. నాలుగు వరసలూ ఒకటి కావు. మొదటి రెండూ పూర్తిగా రాష్ట్రం అప్పే. మూడోదాన్ని ఆ సంస్థకు సొంత రాబడి ఉందా లేదా అన్నదాన్ని బట్టి కలపాలి. నీళ్లమ్మి రుణం తీర్చే స్థోమత లేని సాగునీటి కార్పొరేషన్ అప్పు చివరికి ఖజానా మీదే పడుతుంది. నాలుగోది విడిగా రాసుకోండి. అన్నీ కలిపి భయపెట్టడం, మొదటిదొక్కటే చెప్పి సరిపెట్టడం, రెండూ తప్పే. బడ్జెట్ నుంచి తీర్చే కార్పొరేషన్ అప్పులను రాష్ట్రం రుణ పరిమితిలోనే లెక్కిస్తామని 2022లో కేంద్రం చెప్పాక ఈ దారి కొంత ఇరుకైంది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు దాని అనుమతి తీసుకోవాలని రాజ్యాంగం 293వ అధికరణంలోనే ఉంది.

కేంద్రమూ ఇందుకు మినహాయింపు కాదు. ఆహార సబ్సిడీని బడ్జెట్‌లో పూర్తిగా ఇవ్వకుండా, భారత ఆహార సంస్థ చేత చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు తెప్పించిన ఏళ్లున్నాయి. 2020-21లో ఆ బాకీని లెక్కలోకి తెచ్చారు. ఆ ఏడాది ద్రవ్యలోటు జీడీపీలో 9 శాతం దాటడానికి కొవిడ్‌తోపాటు ఇదీ ఒక కారణం.

'పన్ను పెంచితే చాలు' అన్నప్పుడు

మూడు ప్రశ్నలు వేయండి. ఆ పన్ను వేసే అధికారం ఎవరిది, వచ్చిన రూపాయి ఎవరికి చేరుతుంది, పన్ను పెరిగాక జనం ఏం చేస్తారు.

కేంద్రం ఆదాయపు పన్నో కార్పొరేట్ పన్నో పెంచి 100 రూపాయలు తెస్తే, 2025-26 దాకా అమల్లో ఉన్న 15వ ఆర్థిక సంఘం సిఫార్సు ప్రకారం 41 రూపాయలు రాష్ట్రాలకు పోతాయి. కేంద్రానికి మిగిలేది 59. అంటే పన్నుల ద్వారా కేంద్రం లోటు లక్ష కోట్లు తగ్గాలంటే దాదాపు 1.69 లక్షల కోట్లు వసూలు చేయాలి. ఖర్చు తగ్గిస్తే లక్ష కోట్లకు లక్ష కోట్లూ మిగులుతాయి. కేంద్రం సెస్సులు, సర్‌చార్జీల వైపు మొగ్గడానికి కారణం ఇదే, వాటిని రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేదు. ఆ సంఘం కాలంలో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణది 2.102 శాతం. కేంద్రం పెంచిన ఆ 100 రూపాయల్లో ఆంధ్రప్రదేశ్‌కు చేరేది రూపాయి 66 పైసలు, తెలంగాణకు 86 పైసలు. సెస్సుగా పెంచితే ఈ దారిలో చేరేది సున్నా. కాబట్టి 'పన్ను' అనగానే ఏ పన్ను అని అడగాలి.

రాష్ట్రం చేతిలో ఉన్నవి కొన్నే. జీఎస్టీ రేటు ఒంటరిగా మార్చలేదు. కౌన్సిల్‌లో నాలుగింట మూడు వంతుల ఓటు కావాలి, మొత్తం ఓట్లలో మూడో వంతు బరువు కేంద్రానిది. మిగిలేవి ముఖ్యంగా పెట్రోలు, డీజిలు మీద వ్యాట్, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను, గనుల సీనరేజి (తవ్వి తీసిన ఖనిజం మీద రుసుము).

డీజిలుతో ఒక లెక్క చేసి చూద్దాం. అమ్మకాలు టన్నుల్లో ప్రకటిస్తారు. టన్ను డీజిలు సుమారు 1,210 లీటర్లు, టన్ను పెట్రోలు 1,411 లీటర్లు. లీటరుకు రూపాయి పెంచితే 10 లక్షల టన్నుల డీజిలు మీద 121 కోట్లు, అన్నే టన్నుల పెట్రోలు మీద 141 కోట్లు వస్తాయి. మీ రాష్ట్రం అమ్మకాలతో గుణించుకోండి. తర్వాత తగ్గించుకోండి, ఎందుకంటే మూడో ప్రశ్న ఇక్కడే తగులుతుంది. దూరం పోయే లారీ డ్రైవరు సరిహద్దు దాటాక ట్యాంకు నింపుతాడు. కోనసీమ వాళ్లు యానాం బంకులకు ఎందుకు వెళ్తారో ఎవరినడిగినా చెబుతారు. కర్ణాటక, తమిళనాడు సరిహద్దు జిల్లాల్లో బంకుల అమ్మకం పడిపోతే, పెంచిన రూపాయి రాకపోగా పాత పన్నూ పోతుంది. మద్యంలోనూ అంతే. ధర ఒక హద్దు దాటాక పక్క రాష్ట్రం సీసాలో నాటుసారానో ఆ చోటు తీసుకుంటాయి.

అందుకే రేటు కంటే వసూలును ముందు చూడాలని మేమంటాం. మార్కెట్ ధరకూ రిజిస్ట్రేషన్ విలువకూ ఉన్న తేడా, గనుల నుంచి పర్మిట్ లేకుండా పోయే లారీలు, కోర్టుల్లో ఏళ్ల తరబడి ఇరుక్కున్న పన్ను బకాయిలు. ఇవి చట్టం మార్చకుండా పెంచగల రాబడులు. వీటిలోంచి పెద్ద మొత్తం మొదటి ఏడాదే వస్తుందని ఎవరైనా రాస్తే మాత్రం నమ్మకండి. సిబ్బంది, సర్వే, అప్పీళ్లు అన్నీ టైం తీసుకుంటాయి.

పన్ను తగ్గిస్తే రాబడి పెరుగుతుందన్న వాదననూ ఇదే తక్కెడలో పెట్టాలి. 2019 సెప్టెంబరులో కార్పొరేట్ పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. దానికి ప్రతిగా పెట్టుబడి ఎంత పెరిగిందన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది. పోయే రాబడి మాత్రం మొదటి ఏడాది నుంచే లెక్కలోకి వచ్చింది.

'ఖర్చు తగ్గిస్తే చాలు' అన్నప్పుడు

ముందు కదలని ఖర్చును పక్కన పెట్టండి. కేంద్రం రెవెన్యూ రాబడిలో వడ్డీ ఒక్కటే 37 శాతం. దాన్ని తగ్గించడం ఈ ఏడాది ఎవరి తరమూ కాదు. పింఛన్లు, జీతాలు, రక్షణ, రాష్ట్రాలకు ఆర్థిక సంఘం గ్రాంట్లు కూడా అంత సులువుగా కదలవు. ఇప్పుడు సబ్సిడీలు చూడండి: ఆహారం 2,03,420, ఎరువులు 1,67,887, పెట్రోలియం 12,100 కోట్లు. మొత్తం 3,83,407. రేషన్ బియ్యం, యూరియా, గ్యాస్ రాయితీ అన్నీ రేపు పొద్దున్నే పూర్తిగా ఎత్తేశామనుకోండి. ద్రవ్యలోటు ఇంకా 11,85,529 కోట్లు ఉంటుంది, జీడీపీలో 3.3 శాతం. రెవెన్యూ లోటు కూడా పూర్తిగా పోదు. సబ్సిడీలతోనే లోటు వచ్చిందన్న మాట ఈ తీసివేత ముందు నిలవదు.

రాష్ట్రంలో పథకాల లెక్క తలకు ఇంత చొప్పున కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000. లక్ష మందికి ఏడాదికి 480 కోట్లు. తెలంగాణలో రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000. లక్ష ఎకరాలకు 120 కోట్లు. అనర్హులను ఏరేస్తే వేల కోట్లు మిగులుతాయని ఎవరైనా అంటే ఈ ప్రమాణంతో కొలవండి. వెయ్యి కోట్లు మిగలాలంటే రెండు లక్షలకు పైగా పింఛన్లు తీసేయాలి, లేదా ఎనిమిది లక్షలకు పైగా ఎకరాలు జాబితాలోంచి పోవాలి. సాగు చేయని భూమికి, రియల్ ఎస్టేట్ వెంచర్లకు రైతు పథకం సొమ్ము పోకూడదన్న మాట న్యాయమైనదే. ఆ ఎకరాలు ఎన్నో తెలిశాక మిగులు మాట్లాడుకోవాలి.

కోత పెట్టేటప్పుడు ఏది ముందు తెగుతుందో గమనించండి. జీతం ఆగితే ధర్నా జరుగుతుంది, పింఛను ఆగితే ఓటు పోతుంది. కాలువ లైనింగు ఆగితే మూడేళ్ల దాకా ఎవరికీ తెలియదు. అందుకే కోత ఎప్పుడూ మూలధన పనుల మీద, నిర్వహణ నిధుల మీద పడుతుంది. గేట్లకు గ్రీజు రాయడానికి, రోడ్ల గుంతలు పూడ్చడానికి ఇచ్చే డబ్బు రెవెన్యూ వ్యయమే అయినా ఆస్తిని కాపాడేది అదే. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఎంత నీరు నదిలోకి పోయిందో కర్నూలు, అనంతపురం రైతులకు తెలుసు. నిర్వహణ పద్దు అంత పెద్ద విషయమని చాలామంది గుర్తించింది అప్పుడే. పొదుపు ప్రతిపాదన ఏది చూసినా అది నిర్వహణనూ మూలధనాన్నీ ముట్టుకుంటోందా అన్నది మొదటి ప్రశ్నగా పెట్టుకోండి. ముట్టుకుంటే అది పొదుపు కాదు, వాయిదా.

అప్పు పెరుగుతోందా, తరుగుతోందా

లోటు ఉన్నంత మాత్రాన అప్పు భారం పెరగాలని లేదు. నిరుటి అప్పును జీడీపీలో శాతంగా తీసుకోండి. దాన్ని 1 కలిపిన వడ్డీ రేటుతో గుణించి, 1 కలిపిన జీడీపీ పెరుగుదలతో భాగించి, ప్రాథమిక లోటు కలపండి. కేంద్రానికి 2024-25 చివర 57.1 శాతం. సగటు వడ్డీ సుమారు 7 శాతం, పెరుగుదల అంచనా 10.1. 57.1ని 1.07తో గుణించి 1.101తో భాగిస్తే 55.5. దానికి 0.8 కలిపితే 56.3. ప్రభుత్వం తన అంచనాలో రాసింది 56.1, కాబట్టి మన మోటు లెక్క దగ్గరగానే వచ్చింది. ఇప్పుడు పెరుగుదల 7 శాతానికి పడిపోతే? 57.1 అలాగే నిలిచి, 0.8 కలిసి 57.9 అవుతుంది. ఒక్క పైసా అదనంగా ఖర్చు పెట్టకపోయినా, పన్ను తగ్గించకపోయినా భారం పెరిగింది. మందగమనం మధ్యలో భారీ కోతలు పెట్టవద్దని కొందరు అర్థశాస్త్రవేత్తలు గట్టిగా అనడానికి మూలం ఈ భాగహారమే: కోత వల్ల కింది అంకె తగ్గితే కోత ఫలితమే పోతుంది. పెరుగుదల బాగున్న ఏళ్లలో లోటు తగ్గించుకోకపోతే చెడ్డ ఏళ్లలో చేతులు కట్టేసినట్టవుతుందన్నది అవతలివాళ్ల మాట. అదీ ఈ లెక్కలోంచి వచ్చేదే.

ఇంటి బడ్జెట్‌తో పోలిక ఒక మేరకే పనికొస్తుంది. కేంద్రానికి సొంత కరెన్సీ ఉంది, అప్పులో అధిక భాగం రూపాయల్లోనే ఉంది. రాష్ట్రానికి ఆ వెసులుబాటు లేదు. రాష్ట్రం ఆర్బీఐ దగ్గర చేబదులు తీసుకోవచ్చు, అది దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. అయితే వరసగా 14 పనిదినాలు దాటి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే చెల్లింపులు ఆగిపోతాయి. ఆ విషయంలో రాష్ట్రం ఇంటికే దగ్గర.

ఒక పూర్తి లెక్క చేసి చూడండి

ఆంధ్రప్రదేశ్ ద్రవ్యలోటు 79,926 కోట్లు జీఎస్డీపీలో (రాష్ట్రానికి జీడీపీ లాంటిది) 4.38 శాతం అన్నారు. అంటే ఒక శాతం 18,248 కోట్లు. రాష్ట్రాలకు సాధారణ హద్దు 3 శాతం. అక్కడికి రావాలంటే 25,182 కోట్లు తగ్గాలి. ఇది మీ లక్ష్యం అనుకుని పూరించండి. అంతా పింఛన్ల నుంచే అంటే 52 లక్షల మందిని తీసేయాలి, అది కుదిరే పని కాదు. అంతా మూలధనం నుంచే అంటే 40,635 కోట్లలో 15 వేల కోట్లే మిగులుతాయి. అంతా డీజిలు మీదే అంటే లీటరుకు ఎంత పెంచాలో పై ప్రమాణంతో కట్టి చూడండి, రేటు ఎవరూ ఒప్పుకోని చోటికి పోతుంది. ఏ ఒక్క వైపు నుంచీ ఇది పూడదు.

మా మటుకు మేము ఈ వరసలో పూరిస్తాం. ఒక్కసారి రాబడులు పక్కన పెట్టి ముందు రెవెన్యూ లోటు 33,185 కోట్ల మీద గురిపెట్టాలి. మూలధనాన్నీ నిర్వహణనూ ముట్టుకోకూడదు. వసూళ్ల నుంచి రాగలదాన్ని మూడేళ్లకు విడగొట్టి రాయాలి. పథకాల్లో తలలు తగ్గించే బదులు కొత్త పథకం ఏదీ ఆ మూడేళ్లూ చేర్చకుండా, జీఎస్డీపీ పెరుగుదలను పని చేయనివ్వాలి. పెండింగ్ బిల్లులకు ఏడాదికింత అని విడిగా పద్దు పెట్టాలి, లేకపోతే తగ్గిన లోటు అక్కడ పోగుపడుతుంది. మూడేళ్లలో 3 శాతానికి రావడం ఇలా సాధ్యం. ఏడాదిలో సాధిస్తామన్నవాళ్లు బిల్లులు ఆపడం మీదే ఆధారపడతారు.

ఈ లెక్కను ఏడాదికి నాలుగుసార్లు తిరగేయండి. కేంద్రం నెలవారీ లెక్కలు తర్వాతి నెలాఖరున వస్తాయి, రాష్ట్రాల నెలవారీ ముఖ్య సూచికలను కాగ్ పెడుతుంది. సెప్టెంబరు చివరికి ఏడాది రాబడిలో 40 శాతం కూడా రాకపోతే, ఖర్చు మాత్రం సగానికి చేరితే, ఆ ఏడాది అంచనా అప్పటికే తప్పింది. రాష్ట్రం అప్పుల వేలం ఎక్కువగా మంగళవారాల్లో ఆర్బీఐ నడుపుతుంది. ఎంత మొత్తం, ఎన్నేళ్లకు, ఏ వడ్డీకి అన్నది ఆ రోజు సాయంత్రానికే ప్రకటిస్తారు. వాటిని ఒక నోటు పుస్తకంలో వరసగా రాసుకుంటూ పోతే, మార్చిలో సవరించిన అంచనాలు చదివే వేళకు మీ దగ్గర కూడా ఒక లెక్క ఉంటుంది.